పలక కోసం జీపు, జీపు కోసం పల్లం

అరకు చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వెళ్ళొచ్చి బొర్రా గుహల గురించీ, చలి గురించీ, సొరంగాల రైలు గురించీ చెప్పినవాళ్ళూ ఉన్నారు. పన్నెండడుగుల పలకనీ, దానికన్నా పొడవైన బొంగునీ, ఒక తెరచాపనీ, నా భార్య సత్యవతినీ జీపు మీద వేసుకుని ఆ కొండలెక్కినవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. ఈ వాక్యం చదివిన సత్యవతి, తను జీపు మీద కాదు, లోపల కూర్చుందని సవరించమంది. సవరించాను.

ముందు ఆ పలక సంగతి చెప్పాలి. నేను విశాఖపట్నంలో ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాని. రేవుకొచ్చిన ఒక విదేశీ ఓడలో ఇంజనీరుకి పన్ను నొప్పి వస్తే నేనే దగ్గరుండి పీకించాను. పన్ను పోయిన సంతోషంలో అతను తన ఆటసామాను మొత్తం నాకిచ్చి ఓడెక్కేశాడు. నీళ్ళలో వేసే పలక ఒకటి. దాని నడుమ బిగించే బొంగు ఒకటి. బొంగుకి తొడిగే తెరచాప ఒకటి. పలక మీద నిలబడి తెరచాపని చేత్తో పట్టుకుంటే గాలి మనల్ని లాక్కుపోతుందట. బయటి దేశాల్లో జనం దీనికోసం సెలవు పెట్టి మరీ సముద్రానికి వెళతారట.

నాకప్పటికి నలభై దాటాయి. రోజంతా కుర్చీలో కూర్చుని, వచ్చే ఓడలూ పోయే ఓడలూ పేర్లు రాసుకునే ఉద్యోగం. ఒక్కసారి నేనూ నీళ్ళ మీద నిలబడాలనిపించింది. అంతకన్నా గొప్ప కారణం నా దగ్గర లేదు. కానీ ఆ కోరిక ఎంత గట్టిదంటే, పలకని తడిగుడ్డతో తుడుస్తున్నప్పుడు నాలో నేనే నవ్వుకునేవాణ్ణి.

సముద్రంలో ఏడాదిపాటు ప్రయత్నించాను. పలక మీదికి ఎక్కడం, అల రావడం, నేను పడడం. ఆదివారాలు జనం పోగయ్యేవారు. ముంత మసాలా బండివాడు తన బండిని నేను పడే చోటికి మార్చుకున్నాడు. మిగతా ఆరురోజులూ పలక మా ఇంట్లో వసారా నుంచి పడగ్గది దాకా అడ్డంగా పడుండేది. సత్యవతి కాఫీ గ్లాసులతో దాన్ని దాటీ దాటీ, చివరికో రోజు దాని మీదే కూర్చుండిపోయింది.

"ఏటండీ, ఈ పలక సంగతి తేల్చండి. టెంట్‌హౌస్ అతను భోజనాల బల్లకి అడుగుతున్నాడు. వరసగా ఎనిమిది విస్తళ్ళు పడతాయట."

"అలలున్నాయి కాబట్టి పడుతున్నాను. కొండల్లో జోలాపుట్టు జలాశయం ఉంది. నిలకడ నీళ్ళు, మంచి గాలి. అక్కడైతే..."

"సరే, ఒక్కసారి వెళ్దాం. నేనూ వస్తాను. నేను చూపించిన చోటికి నిలబడి వెళ్ళి, నిలబడి తిరిగిరావాలి. వస్తే పలక మీది. రాకపోతే బల్ల."

ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఆ సాయంత్రమే బల్ల అయిపోయేలా ఉంది.

నమ్మకమైన బండి

ఇక బండి కావాలి. నమ్మకమైన బండి. నెలరోజులు నాకు ఆఫీసులో ఓడలు కనపడలేదు, బళ్ళే కనపడ్డాయి. జేబులో కొలత టేపు పెట్టుకు తిరిగాను. రోడ్డు మీద ఆగిన ప్రతి బండినీ కొలిచాను. ఒక వ్యాను యజమాని నేను టైర్లు ఎత్తుకుపోయేవాణ్ణనుకుని గట్టిగా కేకలేశాడు.

మొదట మా బావమరిది అంబాసిడర్. వాడికి ఆ కారంటే ప్రాణం. పైన కేరియర్ మీద దుప్పటి పరిచి, దాని మీద పలక పెట్టి, నులకతాడుతో కట్టి బీచ్ రోడ్డులో ఒకసారి చూద్దామని బయల్దేరాం. వేగం పెరిగేసరికి పలక మూతి గాలిలోకి లేచింది. పలకతో బాటు కేరియరూ లేచింది. వెనక సైకిల్ మీద వస్తున్నాయన అరుస్తుంటే తప్ప మాకు తెలియలేదు. బావమరిది కారు ఆపి, దిగి, పైకి చూసి, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. వాడు నాతో మాట్లాడడానికి వినాయక చవితి రావలసి వచ్చింది.

తరవాత రైలు. బొర్రా మీదుగా అరకు పోయే పాసింజరు ఉండనే ఉంది. గార్డు మంచివాడు. పలకని ప్లాట్‌ఫారం మీద పెట్టించి, చుట్టూ తిరిగి చూసి, "పెట్టెలోకి తిన్నగా దూరుతాది మాస్టారూ, మరి లోపల తిరగొద్దా? తలుపు మూసుకోకపోతే సొరంగంలో దీని కొస తెగిపోద్ది" అన్నాడు. బస్సు కండక్టరైతే వెంటనే ఒప్పుకున్నాడు. టాపు మీద వేసుకుంటానన్నాడు. "ఘాట్‌లో వెదురు కొమ్మలు రోడ్డు మీదికి వంగుంటాయి. మొన్నొక మంచం ఊడ్చుకుపోయాయి. అయినా మీది గట్టిగా కడదాం లెండి" అని కూడా అన్నాడు. మంచం దొరికిందా అని అడిగితే, ఇంకా వెతుకుతున్నారన్నాడు. చేపల వ్యాను సరిగ్గా సరిపోయేది గానీ సత్యవతి ముక్కు మూసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆఖరికి దొరికింది అప్పలసామి జీపు. మిలట్రీవాళ్ళు వేలంలో అమ్మేసిన బండి. పైన ఇనప చట్రం ఉంది. టేపు పెట్టాను. ముందూ వెనకా కాస్త బయటికొచ్చినా పలక హాయిగా పడుకుంటుంది. నా మొహం వెలిగిపోయింది.

"ఘాట్ ఎక్కుతుందా?" అన్నాను, బళ్ళ గురించి తెలిసినవాడిలా.

"ఎక్కడమేటి బావూ! యుద్ధానికెల్లొచ్చిన బండిది. ఎక్కడం గురించి ఎవులూ అడగరు. దిగడం గురించే అడుగుతారు."

నేను దిగడం గురించి అడగలేదు. బ్రేకులు చూడలేదు. బేటరీ ఉందా అని కూడా అడగలేదు. నెలరోజులు బళ్ళు వెతికినవాణ్ణి, బండికి పొడవు తప్ప మరో గుణం ఉంటుందని మరిచిపోయాను. ఇంకో సంగతి కూడా మరిచాను. బొంగు పలక కన్నా చాలా పొడవు. దాన్ని కొలవనే లేదు.

ఘాట్ రోడ్డు

చైత్రమాసంలో ఒక తెల్లవారుజామున బయల్దేరాం. బొంగు జీపు ముందు కొమ్ములా పొడుచుకొచ్చి, వెనక తోకలా వేలాడింది. రెండు కొసలకీ ఎర్రగుడ్డలు కట్టాం. ఒకటి నా పాత తువ్వాలు, రెండోది అప్పలసామి కొత్త తువ్వాలు. ఈ అన్యాయం అతను దారంతా గుర్తుచేశాడు.

శృంగవరపుకోటలో ఇడ్లీ తిందామన్నాను. అప్పలసామి హోటల్ ముందు ఆపలేదు. రెండో హోటల్ ముందూ ఆపలేదు. ఊరు దాటిపోతుంటే సత్యవతి అడిగింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

"అక్కడ సాపుగా ఉందమ్మగారూ. సాపు నేల మీద ఆపితే మళ్ళీ తొయ్యాల. పల్లంలో ఆపితే దానంతటదే అందుకుంటాది. బేటరీ నేదు గదా."

"బేటరీ లేదా!" అన్నాను.

"ఉండేది బావూ. ఇంటికాడ రేడియోకి పెట్టినాను."

ఆ తరవాత మా ప్రయాణమంతా నేల వాలుని బట్టి సాగింది. ఆకలేసిన చోట కాదు, పల్లం ఉన్న చోట తిన్నాం. చూడదగ్గ చోట కాదు, జారదగ్గ చోట ఆగాం. అనంతగిరి ఘాట్‌లో లోయ అందంగా కనిపించే మలుపులన్నీ ఎత్తుకి ఎక్కేవే కాబట్టి వాటిని దూరం నుంచే చూసి దాటుకుపోయాం. ఒక పల్లంలో ఆగిన చోట మాత్రం కాఫీ తోటల నీడలో ఒకావిడ పనసకాయలు అమ్ముతోంది. మా పూర్ణా మార్కెట్లో ఒక కాయకి అడిగే ధరకి ఇక్కడ మూడు ఇస్తానంది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకటే కొన్నాం. అది దారంతా సత్యవతి ఒళ్ళోనే ఉంది.

మలుపుల దగ్గర బొంగు తన ప్రతాపం చూపించింది. జీపు ఎడమకి తిరిగితే ముందు కొస కొండని గుచ్చేది. కుడికి తిరిగితే వెనక కొస కొండని గోకేది. ప్రతి మలుపులోనూ నేను దిగి బొంగు కొస పట్టుకుని, జీపుతో బాటు పక్కకి నడిచేవాణ్ణి. కిందికి వస్తున్న బస్సు ఒకటి మాకోసం ఆగింది. అందులోవాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నన్ను చూశారు. డ్రైవరు నన్ను కాస్త పక్కకి జరిగి దారిమ్మన్నాడు, "ఏనుగుని పట్టుకున్నట్టు పట్టుకున్నావేటి బావూ" అని.

బొర్రా మలుపు దగ్గర అదృష్టవశాత్తూ మంచి పల్లం ఉంది. గుహలు చూసొచ్చాం. లోపల కాగడా పట్టుకున్న ఆసామి ఒక్కో రాయినీ చూపించి ఇది శివుడు, ఇది ఆవు పొదుగు అన్నాడు. బయటికొస్తే గుహలు చూడడానికి వచ్చినవాళ్ళు మా జీపు చుట్టూ మూగి ఉన్నారు. ఒక పెద్దాయన పలకని తట్టి "ఇది ఏ దేవుడిదండీ?" అని అడిగాడు. ఇంతలో కింద రైలు కూత వేసుకుంటూ సొరంగంలోకి దూరింది. దాన్ని చూసి నేనూ అప్పలసామీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

డుంబ్రిగుడ: దారికి అడ్డంగా దుంగ

అరకులో రాత్రి పడుకుని మర్నాడు డుంబ్రిగుడ దాటుతుంటే దారికి అడ్డంగా దుంగ ఒకటి కనిపించింది. దుంగ వెనక పదిమంది దాకా ఆడవాళ్ళు. ముక్కుకి మూడేసి పోగులు, జడల్లో పువ్వులు. అప్పలసామి జీపు ఆపక తప్పలేదు. చోటు చూస్తే అద్దంలాంటి సాపు నేల.

అది ఇటుకల పండగ. చైత్రంలో ఆ కొండల్లో మగవాళ్ళంతా విల్లులు పట్టుకుని వేటకి పోతారు. ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళు దారులు కాస్తారు. వచ్చే పోయే బళ్ళని ఆపి పండగ డబ్బు అడుగుతారు. ఇవ్వకపోతే దుంగ తియ్యరు. మా వైపు పండగంటే ఆడవాళ్ళు వంటింట్లో ఉంటారు, మగవాళ్ళు అరుగు మీద ఉంటారు. ఇక్కడ రోడ్డంతా ఆడవాళ్ళదే. సత్యవతికి ఈ ఏర్పాటు చూడగానే నచ్చేసింది.

వాళ్ళకి పెద్ద చిలకమ్మ. యాభై దాటిన మనిషి. డబ్బు తీసుకుని కొంగున ముడేసుకుని, పలకని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"ఏటిది? పీనుగునేటి మోసుకెల్తన్నారు?"

"కాదమ్మా," అన్నాను ఉక్రోషంగా. "దీని మీద నిలబడి నీళ్ళ మీద పోతారు. నేను జోలాపుట్టు పోతున్నాను."

ఆమె సత్యవతి వైపు తిరిగింది. "అయితే నీ పెనిమిటీ వేటకే ఎల్తన్నాడన్నమాట."

"అచ్చం వేటకే," అంది సత్యవతి.

"తిరిగొచ్చీటప్పుడు ఇటే రావాల. ఉత్త సేతులతో వచ్చిన మొగోడికి మా కాడ పేడనీళ్ళు. మావోలు వేటలో ఏమీ దొరక్కపోతే సీకటి పడీదాకా డొంకల్లో దాక్కుంటారు."

ఆడవాళ్ళంతా పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను, మర్యాద కోసం. తరవాత వాళ్ళే పాట పాడుతూ జీపు తోశారు. అప్పలసామి గర్వంగా స్టీరింగు తిప్పుతూ, "సూసినారా బావూ, నా బండి ఎక్కడా ఆగదు" అన్నాడు.

ముంచింగిపుట్టు సంత

ముంచింగిపుట్టులో ఆరోజు సంత. చింతపండు, పసుపు, పిప్పళ్ళు, సామలు, కొండచీపుళ్ళు. అడ్డాకు విస్తట్లో సామల అన్నమూ కందికూరా తిన్నాం. అన్నం గరుకుగా ఉంది గానీ, దిగిన గంటకి కూడా కడుపులో నిలబడి ఉంది. ఒక చెట్టు కింద మొగుడూ పెళ్ళాం ఒకే రాయి మీద కూర్చుని, ఆకుదొప్పల్లో జీలుగుకల్లు తాగుతూ తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకూ ఒక దొప్ప ఇచ్చారు. సత్యవతి రుచి చూస్తానని తీసుకుంది. "మజ్జిగలాగే ఉందండీ," అంది. దొప్ప తిరిగి రాలేదు.

తాళ్ళు వదులైతే బిగిద్దామని పలకని దించి పక్కన పెట్టాం. మేము భోంచేసి వచ్చేసరికి ఒక ముసలాయన దాని మీద పసుపు కొమ్ములు కుప్పలుగా పోసుకుని బేరం చేసుకుంటున్నాడు. పక్కనే ఇంకో ఆవిడ మిరపకాయలు సర్దుతోంది. సత్యవతి చేతులు కట్టుకుని చూస్తోంది.

"ఎంత చక్కటి బల్లండీ," అంది. "ఇంకా ఆరు కుప్పలు పడతాయి."

ముసలాయన పసుపు అమ్ముడయ్యేదాకా ఆగి, అప్పుడు పలకని జీపెక్కించాం. ఇప్పటికీ దానిమీద పచ్చమరక ఉంది.

నీళ్ళ మీద

ఆ రాత్రి ముంచింగిపుట్టులోనే పడుకుని మర్నాడు పొద్దున్నే జోలాపుట్టు చేరాం. ఒడ్డున మంచి పల్లం ఉంది. అప్పలసామి దానికేసి చూసి చేతులు జోడించాడు. టైర్ల కింద రాళ్ళు పెట్టి, రాళ్ళ కింద మళ్ళీ రాళ్ళు పెట్టాడు.

కొండల మధ్య నీళ్ళు. అవతలి ఒడ్డు ఒరిస్సా. మునిగిన అడవి తాలూకు మోడులు అక్కడక్కడా నీళ్ళలోంచి లేచి నిలబడి ఉన్నాయి. సత్యవతి వాటిలో ఒక నల్లటి మోడుని చూపించింది. "అదిగో, అక్కడికి వెళ్ళి రండి," అంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని రాయి మీద కూర్చుంది, పరీక్ష హాల్లో పంతులమ్మలాగా.

ఎక్కాను, పడ్డాను. ఎక్కాను, పడ్డాను. ఇక్కడ అలలు లేవు. పడడానికి కారణం చెప్పుకోడానికి ఏమీ లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, గాలి లేదు, తప్పంతా నాదే. ఒక చేపలాయన దోనెలో వచ్చి, వల పక్కన పెట్టి చూడ్డం మొదలుపెట్టాడు. ముంత మసాలా బండి ఒక్కటే తక్కువ. గంట పన్నెండు దాటేసరికి మోచేతులు కొట్టుకుపోయాయి. ఒడ్డుకొచ్చి కూర్చుంటే ఏడుపొచ్చినంత పనైంది. ఒక ఆట రానందుకు కాదు. ఏడాదిపాటు మనసులో పెట్టుకుని తుడిచిన వస్తువు మీద ఎవరి పెళ్ళిలోనో పప్పూ ముద్దా వడ్డిస్తారన్న బాధ. సత్యవతి నా వైపు చూసింది. తువ్వాలు అందించింది.

మధ్యాహ్నం తిరిగాక కొండ మీంచి గాలి దిగింది. మళ్ళీ ఎక్కాను. తెరచాప నీళ్ళలోంచి లేపాను. ఏం తప్పు చెయ్యడం మరిచిపోయానో తెలియదు, పలక కదిలింది. నేను నిలబడే ఉన్నాను. కాళ్ళ కింద నీళ్ళు గరగరమంటున్నాయి. ఒడ్డు మీద అప్పలసామి కేకలు. నల్ల మోడు దగ్గరికొచ్చింది. పక్కనుంచి దాటింది. నేను గట్టిగా నవ్వాను. చిన్నప్పుడు ఎప్పుడైనా అలా నవ్వానేమో గుర్తులేదు. ఆ క్షణంలో నాకు ఓడలూ లేవు, కుర్చీ లేదు, నేనూ గాలీ ఉన్నాం.

మోడు దాటాక వెనక్కి తిరగాలి. ఏడాదిపాటు నేను నిలబడడం ఒక్కటే సాధన చేశాను. తిరగడం దాకా ఎప్పుడూ రాలేదు. ఎటు వంచితే ఎటు తిరుగుతుందో తెలియదు. తెరచాప వదిలేస్తే పడతాను, పడితే పందెం పోతుంది. వదలకుండా అలాగే పట్టుకున్నాను. రెండో మోడు, మూడో మోడు దాటి, పలక నన్ను నిలబెట్టే తీసుకెళ్ళి ఒరిస్సా ఒడ్డు బురదలో దించేసింది.

చేపలాయన దోనె వేసుకుని వెనకే వచ్చాడు. నన్ను దోనెలో కూర్చోబెట్టుకుని, పలకని తాడుతో వెనక లాక్కొచ్చాడు. "బావూ, ఎల్లడం బాగానే ఎల్లినావు. మరి రావడం సెప్పనేదేటి ఎవులూ?" అన్నాడు దారిలో.

ఒడ్డున సత్యవతి లేచి నిలబడింది. నేను దోనెలో కూర్చునే దగ్గరికొచ్చాను.

"నిలబడి వెళ్ళారు," అంది. "కూర్చుని వచ్చారు."

"మోడు దాటి ఇంకో రాష్ట్రం దాకా వెళ్ళాను కదా!"

"నేను రాష్ట్రం అడగలేదు. రమ్మని అడిగాను." చీర దులుపుకుంటూ, "ఆలోచించి చెప్తాను," అంది.

తిరుగుదారి

ఆ రాత్రీ చెప్పలేదు, మర్నాడు పొద్దున్నా చెప్పలేదు. పనసకాయ ఒళ్ళో పెట్టుకుని కొండలు చూస్తూ కూర్చుంది. అప్పలసామి నా పక్షమే. "అమ్మగారూ, బండైనా అంతే గదా, ఎల్లడమే ముక్కెం" అన్నాడు. దిగుడు మలుపులో బ్రేకు తొక్కుతూ ఆ మాట అనడం నాకు నచ్చలేదు.

డుంబ్రిగుడ దగ్గర దుంగ అలాగే ఉంది. చిలకమ్మా ఉంది. ఈసారి పక్కన కుండ ఒకటి ఉంది, అందులో ఏముందో వాసనే చెబుతోంది. రోడ్డు వారన ముగ్గురు మగవాళ్ళు విల్లులు పట్టుకుని, తలల మీంచి పచ్చటి నీళ్ళు కారుతూ, సిగ్గుగా నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"వచ్చినారు, వచ్చినారు!" అంది చిలకమ్మ. "ఏటి దొరికింది నీ మొగోడికి?"

నేను సత్యవతి వైపు చూశాను. ఇక వాయిదా లేదు. ఆమె జీపు దిగింది. నా వైపు చూడలేదు.

"దూరం పోయాడమ్మా," అంది. "చాలా దూరం పోయాడు. కానీ ఉత్త చేతులతోనే వచ్చాడు."

నవ్వులు, కేకలు. నన్ను దింపి దుంగ మీద నిలబెట్టారు. చిలకమ్మ చెంబు ముంచింది. పేడనీళ్ళు నెత్తి మీంచి చొక్కాలోకి, చొక్కాలోంచి చెప్పుల్లోకి దిగాయి. కళ్ళు మూసుకున్నాను. నీళ్ళకి కాదు. పలక పోయిందని తెలిసిపోయింది కాబట్టి.

సత్యవతి గొంతు వినిపించింది. "ఏమ్మా, వీళ్ళకీ ఏమీ దొరకలేదు కదా. మరి ఆ విల్లులు ఏం చేస్తారు? అమ్మేస్తారా?"

చిలకమ్మ చెంబు పట్టుకునే ఆగిపోయింది. అంత తెలివితక్కువ మాట ఎప్పుడూ వినలేదన్నట్టు చూసింది.

"విల్లు అమ్మడమేటి? ఓలమ్మో! విల్లు అమ్మీస్తే మొగోడు వేటకెల్లడు. వేటకెల్లకపోతే ఉత్త సేతులతో రాడు. రాకపోతే వచ్చే ఏడు మేము పేడనీళ్ళు ఎవుల మీద సల్లాల?"

సత్యవతి పలకని చూసింది, పచ్చమరకతో సహా. తరవాత నన్ను చూసింది, నెత్తి మీద పేడతో సహా. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు, పమిట నోటికడ్డం పెట్టుకుని ఆ దుంగ మీదే కూర్చుండిపోయింది. నాకు ఎక్కడలేని సంతోషం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పేడనీళ్ళలో రెండూ ఎవరికీ కనపడలేదు.

సాపు నేల కాబట్టి జీపు అందుకోలేదు. తడిసిన ముగ్గురు మగవాళ్ళూ, తడిసిన నేనూ వెనక చేరి తోశాం. జీపు గుర్రుమంది. ఎక్కబోతుంటే, "ఆగండి," అని వెనక నుంచి సత్యవతి పిలిచింది.

తిరిగి చూశాను. రెండో చెంబు ఆమె చేతిలో ఉంది.